ఆరు చీరలు, నలభై రెండు గ్రూపులు

“అక్కా, మాది చౌటుప్పల్ దగ్గర పల్లె. నాయన మగ్గం నేస్తడు, అమ్మ మేకుల చుట్టూ దారం తిప్పుకుంట ఆసు పోస్తది, నేను డిగ్రీ అయిపోయి ఇంటికాడ్నే ఉంటున్న. నెలకు ఆరేడు ఇక్కత్ చీరలు దిగుతయి. షావుకారికిస్తే గిట్టుబాటు అయితలేదని నేనే ఒక వెబ్‌సైటు తయారు చేసిన. నాలుగు నెలలాయె, ఎవ్వరూ వస్తలేరు. యూట్యూబ్‌ల చూసి ఒక రాత్రి కూసొని 42 గ్రూపులల్ల లింకు పెట్టిన. తెల్లారేసరికి సగం గ్రూపులు పోస్టు తీసేసినయి, తొమ్మిదింట్ల నన్నే వెళ్లగొట్టిన్రు. ఒక గ్రూపుల ఎవరో ఆమె ‘ఉతికితే రంగు పోతుందా?’ అని అడిగింది, నేను జవాబు రాసేలోపే పోస్టు మాయమైంది. ఇప్పుడు ఒకాయన ఆరు వేలిస్తే చర్చలు నడిచే సైట్లల్ల 500 లింకులు పెడతా, గూగుల్‌ల పైకొస్తవు అంటున్నడు. మా బావ ఇంకో ఉపాయం చెప్పిండు: నాలుగు ఉత్తుత్తి ఖాతాలు తెరిచి ‘మేం ఇక్కడ్నే కొన్నం, చాలా బాగుంది’ అని మనమే రాసుకుందామని. ఏం చెయ్యమంటవ్?”
పేరు వద్దన్న తమ్ముడు, యాదాద్రి భువనగిరి జిల్లా

తమ్మీ,

2016ల జిల్లాలు విడిపోయినా నాకు మీరంతా నల్గొండోళ్లే. అందుకని కొంచెం చనువుగనే రాస్తున్న, ఏమనుకోకు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. మూడోసారికి గని అందుల ఒక వాక్యం నా కంటికి ఆనలేదు. దాని సంగతి చివర్ల చెప్తా. ముందు మీ ఇంటి లెక్క చూద్దాం.

నెలకు దిగేవి ఆరేడు చీరలు. రేపు నీ వెబ్‌సైటుకు పది వేల మంది వచ్చిన్రనుకో, ఏం అమ్ముతవ్? ఏడో చీర పోయినంక మిగిలినోళ్లందరికీ ‘అయిపోయినయి’ అని చెప్పుడే ఒక నౌకరీ అయితది. యూట్యూబ్‌ల ట్రాఫిక్, ట్రాఫిక్ అని మొత్తుకునేటోళ్లల్ల చాలామందికి ప్రకటనల మీద పైసలొస్తయి. ఎంత మంది చూస్తే అన్ని పైసలు గనుక వాళ్లకు తలకాయల లెక్క కావాలె. నీకు కావల్సిన మనిషి వేరే. ఇక్కత్ అంటే కొంచెం తెలిసి, ఒక మంచి చీర కొనాలని పైసలు పక్కకు పెట్టుకొని, ‘ప్రింటు చీర అంటగడతరేమో’ అని భయపడుతున్న మనిషి. అట్లాంటోళ్లు నెలకు ఇరవై మంది వచ్చినా మీ మగ్గం ఆగదు. ఇగ వాళ్లు ఎక్కడ దొరుకుతరంటే, నిన్ను వెళ్లగొట్టిన ఆ గ్రూపులల్లనే.

వెళ్లగొట్టినందుకు మనసు కష్టపెట్టుకున్నట్టున్నవ్. వాళ్ల జాగాల నిలబడి చూడు. రచ్చకట్ట కాడ పది మంది కూసొని ఏదో మాట్లాడుకుంటుంటే, ఎవరేమంటున్నరో వినకుండ నడిమిట్ల మూట విప్పి చీరలు పరిచినట్టు చేసినవ్. అది కూడ ఒక్కనాడే 42 ఊర్ల రచ్చకట్టల మీద. ఇది నీతోని మొదలైన తప్పేం కాదు. 1994 ఏప్రిల్ 12న అమెరికాల ఇద్దరు లాయర్లు గ్రీన్ కార్డు లాటరీకి కాగితాలు రాసిస్తమని ఒకే ప్రకటనను యూజ్‌నెట్ అనే పాత ఇంటర్నెట్ వేదిక మీద అయిదు వేలకు పైగా చర్చా గుంపులల్ల కుమ్మరించిన్రు. పూల తోటల మీద మాట్లాడుకునేటోళ్లకు, కంప్యూటర్ల మీద కొట్లాడుకునేటోళ్లకు, అందరికీ అదే కాగితం. జనం ఎంత మండిపడి తిట్టు ఉత్తరాలు రాసిన్రంటే వాళ్లకు ఇంటర్నెట్ ఇచ్చిన కంపెనీ కంప్యూటర్లే మళ్లమళ్ల కూలబడ్డయి. ఇప్పుడు నీ పోస్టు తీసేసే మిషన్లు, అడ్మిన్ల అనుమానాలు అన్నీ అట్లాంటి దెబ్బలు తినీ తినీ వచ్చినవే. కొత్త ఖాతా, ఒకే మాట, ఒకే లింకు, గంట గంటకూ ఒక కొత్త జాగా: ఈ నాలుగూ కలిస్తే మనిషి చూడకముందే మిషను పక్కకు పెట్టేస్తది. ఇంకో భయం కూడ ఉంది. ఇట్లనే నాలుగుసార్లు చేస్తే నీ వెబ్‌సైటు పేరునే ఆ వేదిక అడ్డుకుంటది. అప్పుడు నీ చీర కొని మురిసిపోయిన ఆమె ప్రేమతోని నీ లింకు పెట్టినా అది పోదు.

కాబట్టి ఇప్పటికి లింకులు బందు పెట్టు. ఆ తొమ్మిదింట్ల నీకు నిజంగ పనికొచ్చే చీరల గ్రూపులు రెండో మూడో ఉంటయి. వాటి అడ్మిన్లకు ఒక్కొక్కరికి విడిగ రాయి: తెలువక చేసిన, మా ఇంట్ల మగ్గం ఉంది, మళ్ల చేర్చుకుంటే నేతమీద అడిగినోళ్లకు జవాబులు చెప్తా, అమ్ముకునే రోజు ఏదన్న ఉంటే అప్పుడే అమ్ముకుంట. చాలా చీరల గ్రూపులల్ల అమ్మకాలకు వారంల ఒక రోజో, విడిగ ఒక పోస్టో పెడతరు. పైన పిన్ను చేసి పెట్టిన నియమాలు ఎవ్వరూ చదువరు, నువ్వు చదువు.

ఆరు వేల ఆయన సంగతి రెండు ముక్కల్ల తేలుస్తా. కామెంట్లల్ల, చర్చలల్ల ఎవరంటే వాళ్లు లింకులు కుక్కుతున్నరని 2005లనే గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి ‘నోఫాలో’ అనే గుర్తు తెచ్చినయి. ఆ గుర్తున్న లింకును సైటు మెచ్చుకొని ఇచ్చిన సిఫార్సుగ లెక్కగట్టొద్దని దాని అర్థం. 2012ల గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చి, కొనుక్కున్న దొంగ లింకులతోని పైకెక్కిన సైట్లను కిందికి గుంజింది. 2019ల వాడుకదార్లు రాసిన లింకులకు ‘యూజీసీ’ అని విడిగ ఇంకో గుర్తు వచ్చింది. అంటే ఆయన 500 లింకులు పెడితే 500 సార్లు ‘ఇది లెక్కల తీసుకోకు’ అని రాసినట్టే అయితది, ఇంకా ఖర్మ కాలితే ఎదురు దెబ్బ. ఆ ఆరు వేలు పెట్టి నూలు కొనుక్కో.

ఇప్పుడు నా కథ ఒకటి చెప్తా, ఎందుకంటే నేను కూడ నీ లెక్కనే చేసిన దాన్ని. నల్గొండ చుట్టుపక్కల పాత గుళ్ల మీద ఒక చిన్న సైటు పెట్టుకున్న అప్పట్ల. యాత్రల గ్రూపులల్ల ‘మన నల్గొండ అద్భుతాలు, ఇక్కడ నొక్కండి’ అని లింకులు పెట్టిన. ఒక అడ్మినమ్మ నన్ను తీసేస్తూ ‘నొక్కము’ అని ఒక్క మాట రాసింది. సిగ్గయింది. కొన్ని నెలలు ఊకున్న. తర్వాత ఒక చర్చల ఎవరో అడిగిన్రు: పానగల్లు ఛాయా సోమేశ్వరం పోతున్నం, ఆ నీడ ఏ టైముల కనపడుతది అని. అది నాకు బాగ తెలిసిన గుడి. లింకు సంగతి యాదికి రాకముందే చెయ్యి రాసుకుంట పోయింది: నీడకు టైమంటూ ఏం లేదు, పగలంతా లింగం మీద అట్లనే నిలబడి ఉంటది, ఎండ ఎటు తిరిగినా అది కదలదు. ఒక్క స్తంభం నీడ అనుకుంటరు గని కాదు, ముంగట ఉన్న స్తంభాల నడుమ నుంచి వెలుతురు చెదిరి వచ్చి పడుడుల ఉంది కిటుకు. టౌను నుంచి నాలుగు కిలోమీటర్లు, ఆటోల పోవచ్చు. దగ్గర్లనే పచ్చల సోమేశ్వరాలయం, అక్కడి మ్యూజియం కూడ చూసి రండి. ఇంత రాసి ఊకున్న. కింద ఒకాయన ‘మీరు ఇంకెక్కడన్న రాస్తరా?’ అని అడిగిండు. అప్పుడు ఇచ్చిన లింకు. నేను కావాలని పెట్టిన లింకులన్నీ ఏనాడో చచ్చిపోయినయి, ఆ ఒక్క జవాబు కాడికెళ్లి ఇప్పటికీ మనుషులు వస్తనే ఉన్నరు. ఎవరన్న గూగుల్‌ల నీడ గురించి వెతుకుతే ఆ చర్చ దొరుకుతది, చర్చల నా జవాబు దొరుకుతది, అక్కడికెళ్లి నా ఇల్లు దొరుకుతది.

ఇందుల నువ్వు పట్టుకోవాల్సింది ఒకటే. జవాబు అక్కడికక్కడే పూర్తిగ ఉండాలె. సగం చెప్పి ‘మిగతాది మా సైటుల చదువుండ్రి’ అంటే అది బేరం, మనుషులు వాసన పట్టేస్తరు. నీ లింకు ఎవ్వరూ నొక్కకున్నా అడిగినోళ్లకు పని కావాలె.

నీకున్న బలం ఏందో నీకే తెలుస్తలేదనిపిస్తుంది. చీరల గ్రూపులల్ల రోజూ అడిగే ప్రశ్న ఏందో చూసినవా? ‘ఇది నిజమైన పోచంపల్లేనా, ప్రింటా?’ అని ఫోటో పెడతరు. కింద ముప్పై మంది ముప్పై రకాలు చెప్తరు. ‘కాల్చి చూడు’ అని ఒకరు (కాలిస్తే పట్టు నూలు తెలుస్తది గని ప్రింటు తెలుస్తదా?), ‘రేటు చూసి చెప్పొచ్చు’ అని ఇంకొకరు. వాళ్లల్ల మగ్గం మీద కూసున్నోళ్లు ఒక్కరు లేరు. నువ్వు గుంట మగ్గం పక్కన పెరిగిన పిల్లగానివి. నువ్వు రాయాల్సింది ఇట్లుంటది:

‘చీర తిరగేసి చూడుండ్రి. ఇక్కత్‌ల నెయ్యకముందే దారానికి కట్లు కట్టి రంగులేస్తరు. అందుకని డిజైను దారం లోపటికి దిగి ఉంటది, ముందు వెనుక దాదాపు ఒకే తీరు కనపడుతది. ప్రింటు చీరకు వెనుకదిక్కు సాధారణంగ వెలిసినట్టుంటది. రెండోది, పువ్వు అంచు చూడుండ్రి. కట్టు కట్టిన కాడ రంగు కొంచెం పాకుతది, నేసేటప్పుడు దారం వెంట్రుకవాసి జరుగుతది, అందుకని నిజమైన ఇక్కత్ అంచు మెత్తగ, ఈకలీకలుగ ఉంటది. కత్తితోని కోసినట్టు సాఫుగ ఉంటే అనుమానించుండ్రి. మూడోది, డిజైను కాడ ఒక దారం బయటికి లాగి చూస్తే ఆ ఒక్క దారం మీదనే రంగులు మారుకుంట పోతయి. నేను అమ్మేటోళ్ల ఇంటి పిల్లగాన్నే, మా ఇంట్ల మగ్గం ఉంది, కాబట్టి నా మాట కూడ తిరగేసి చూసుకోండ్రి.’

ఆ ఆఖరి వాక్యం తప్పకుండ రాయాలె. అమ్మేటోణ్ణని దాచిపెడితే ఏదో ఒకనాడు బయటపడుతది, ముందే చెప్తే ఎవ్వరూ ఏమనరు. నీ ప్రొఫైల్‌ల కూడ రాసుకో: ఏ ఊరు, ఎన్ని మగ్గాలు, సైటు పేరు. జవాబు నచ్చినోళ్లు పేరు మీద నొక్కి చూస్తరు. లింకు ఉండాల్సిన జాగా అది. రెడ్డిట్ అనే చర్చల సైటుల చాలా ఏండ్లు ఒక లెక్క చెప్పేవాళ్లు: నీ పది పోస్టులల్ల నీ సొంత సరుకు గురించి ఒకటి దాటొద్దని. ఎక్కడికి పోయినా అది మంచి లెక్కే.

ఇంకో ప్రశ్న ఎప్పుడూ వస్తది: ఇక్కత్‌కు ఇంత రేటెందుకు? దీనికి మాటలతోని కాదు, మీ అమ్మతోని జవాబు చెప్పించు. అమ్మ చేతితోని పోస్తదో, చింతకింది మల్లేశం చేసిన లక్ష్మీ ఆసు యంత్రం మీద పోస్తరో నువ్వు రాయలేదు. చేతితోనైతే, ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు అటు ఇటు తిరుగుతదని మన దిక్కు అందరికీ తెలుసు, హైదరాబాదు దాటితే ఎవరికీ తెలువది. ఆలేరు పక్కన శారాజీపేటల తన తల్లి భుజం నొప్పి చూడలేక మల్లేశం ఆ యంత్రం చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. ఒక నిమిషం వీడియో తీయి, పాట గీట పెట్టకు, ఆసు చప్పుడే వినపడనీ. ‘రేటెందుకు’ అని ఎవరన్న అడిగినప్పుడు అది పెట్టు. అట్లనే కట్లు పడుగుకే (నిలువు దారం) కట్టిన్రా, పేకకే (అడ్డ దారం) కట్టిన్రా, రెండింటికీనా అన్నదాన్ని బట్టి పని ఎట్ల పెరుగుతదో చెప్పు. మీ పక్కనున్న పుట్టపాకల నేసే తేలియా రుమాలు రెండింటికీ కట్టే రకం, దానికి 2020ల భౌగోళిక గుర్తింపు (ఫలానా జాగా సరుకని చెప్పే జీఐ ముద్ర) వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లనే వచ్చింది. ఈ గుర్తింపు మాట వచ్చింది కాబట్టి చెప్తున్న, సైటు మీద ఆ ముద్ర బొమ్మ పెట్టే ముందు అధీకృత వాడుకదారుగ నమోదు గురించి మీ సొసైటీల అడిగి తెలుసుకో.

ఎక్కడ రాయాల్నో కూడ కొంచెం తెలివితోని ఎంచుకో. వాట్సాప్ గ్రూపుల, మూసి ఉన్న ఫేస్‌బుక్ గ్రూపుల రాసింది గూగుల్‌కు కనపడది, రెండు రోజుల్ల కిందికి పోయి మట్టిల కలుస్తది. కోరా తెలుగుల, రెడ్డిట్‌ల రాసింది బయటికి కనపడుతది, ఏండ్ల తర్వాత కూడ ఎవరో ఒకరికి దొరుకుతది. అందుకని పెద్ద జవాబు, ఫోటోలతోని, తెరిచి ఉన్న జాగాల ఒకసారి మంచిగ రాయి. మూసిన గ్రూపులల్ల నాలుగు మాటల్ల చెప్పు. అయితే చీర కొనే ఆడోళ్లు ఎక్కువ ఉండేది ఆ మూసిన గ్రూపులల్లనే, వాటిని వదులుకోకు. నాలుగు చోట్ల తిరుగు, 42 కాదు. రాత్రి అన్నం తిన్నంక అరగంట చాలు.

మీ బావ ఉపాయానికి జవాబు ‘వద్దు’. మోసమని ఒక కారణం. రెండోది, 2020ల వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలల్ల అమ్మేటోళ్లు కొన్నోళ్ల లెక్క వేషం కట్టి రివ్యూలు రాయొద్దని సాఫ్‌గ ఉంది. ఆన్‌లైన్ రివ్యూల మీద 2022ల భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం కూడ తెచ్చింది. మూడోది, చీరల గ్రూపులల్ల అక్కలు పోలీసోళ్ల కంటె చురుకు. నాలుగు ఖాతాలూ ఒకే వారం తెరిచినయని, నాలుగింట్ల ఒకే అక్షరదోషం ఉందని పది నిమిషాల్ల పట్టేస్తరు. తర్వాత నీ ఒక్కనికే కాదు, మీ ఊరి పేరుకే మచ్చ.

సైటు గురించి నాలుగు మాటలు. నేను తెరిచి చూసిన. మొదటి ఫోటో రావడానికి నా ఫోనుల టీ తాగొచ్చినంత సేపు పట్టింది. కెమెరాల తీసింది తీసినట్టే ఎక్కించినవ్, చిన్నగ చేసి పెట్టు. ప్రతి చీరకు వెనుకదిక్కు ఫోటో ఒకటి ఉండాలె. నువ్వు చర్చల చెప్పింది అక్కడ కండ్లకు కనపడాలె గద. అమ్ముడైన చీరలు తీసెయ్యకు, ‘అమ్ముడైంది’ అని రాసి ఉంచు, నమ్మకం పెరుగుతది. ఎవరన్న లింకు అడిగితే మొదటి పేజీ ఇయ్యకు, అడిగిన చీర పేజీనే ఇయ్యి. ‘ఎవరెక్కడికెళ్లి వచ్చిన్రో చూపే సైటు లెక్కల, పోయిన నెల అంతా నేరుగ వచ్చినోళ్లే కనపడుతున్నరు’ అని రేపు పరేషాన్ అయితవేమో, వాట్సాప్‌ల నొక్కి వచ్చినోళ్లు చాలాసార్లు లెక్కల అట్లనే పడతరు. అందుకే ఆ లెక్కల మీద ప్రాణం పెట్టుకోకు. ఫోన్ చేసినోళ్లను ‘మా సంగతి ఎక్కడ చూసిన్రు?’ అని అడిగి ఒక నోటుబుక్కుల రాసుకో. ఆరేడు చీరల వ్యాపారానికి నోటుబుక్కును మించిన సాఫ్ట్‌వేర్ లేదు.

ఒక జాగ్రత్త కూడ. గ్రూపులల్ల కొత్త అమ్మేటోళ్లు కనపడితే దొంగలు కూడ వాలుతరు. ‘మూడు చీరలు కావాలె, నేను సైన్యంల ఉన్న, పైసలు పంపుతున్న, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ను కొట్టు’ అంటరు. యూపీఐల పైసలు రావడానికి పిన్ను అవసరమే లేదు. పిన్ను అడిగిన్రంటే పోయేవి నీ పైసలే. నాయనకూ, అమ్మకూ ఈ మాట ఈ రోజే చెప్పు.

ఇగ ఆ వాక్యం. ‘ఉతికితే రంగు పోతుందా?’ అని అడిగిన ఆమె. 42 గ్రూపులల్ల నీ చీరను చూసి ఇంటికి తీసుకుపోయి ఉతికేదాక ఊహించుకున్న మనిషి ఆమె ఒక్కతే. నీ ఉత్తరంల ఆమె గురించి ఒక్క వరుస రాసి, లింకుల గురించి పది వరుసలు రాసినవ్. ఆ గ్రూపుల ఇంకా ఉన్నవో లేదో చూడు. ఉంటే ఆమె పేరు పెట్టి రాయి, లేకుంటే అడ్మిన్‌ను అడిగి రాయి:

‘అక్కా, ఆనాడు మీరు రంగు గురించి అడిగిన్రు, నేను జవాబు చెప్పలేకపోయిన. మా నాయనను అడిగి రాస్తున్న. నూలు ఇక్కత్‌ల ఎరుపు, నలుపు, ముదురు నీలం మొదటి ఉతుకుల కొంచెం రంగు దిగొచ్చు, అందుకని రెండు మూడుసార్లు విడిగ చన్నీళ్లల్ల ఉతకండ్రి. ఎక్కువసేపు నానబెట్టొద్దు, నీడల ఆరెయ్యండ్రి. ఉప్పు నీళ్లల్ల పెడితే రంగు ఆగుతదంటరు గని, అద్దినప్పుడు పట్టని రంగును తర్వాత ఉప్పు పట్టియ్యలేదు. పట్టుదైతే డ్రైవాష్‌కే ఇయ్యండ్రి. మూడు ఉతుకులైనా రంగు దిగుతుంటే అది మా తప్పే, వాపస్ తీసుకుంటం.’

ఆ వాపస్ మాట నాయనను అడిగే రాయి. కింద లింకు పెట్టకు. అమ్మ కట్టుకొని చానా సార్లు ఉతికిన ఇక్కత్ చీర ఒకటి మీ ఇంట్ల తప్పకుండ ఉంటది, తీగ మీద ఆరేసి దాని ఫోటో పెట్టు.